ఓ అని పలికినందుకు

మొదటి రోజు, రేవు

నడకకు వచ్చే ప్రతి గుంపులో ఒకరు చిట్టా రాయాలని మండలి నియమం. వాతావరణం, దారి, చూసిన పక్షులు, మనసు ఎలా ఉందో రాసి, తిరిగి వెళ్ళేటప్పుడు రేవులో ఇవ్వాలి. మా ఇంట్లో మొదట బడికి వెళ్ళినదాన్ని నేనే కాబట్టి నేనే రాస్తున్నాను.

నా పేరు తెడ్డు దేముడమ్మ. కాలేజీలో దేవి. వచ్చే నెలలో మౌన వనాల మండలిలోనే లేఖరిగా చేరబోతున్నాను. ఆ ఉద్యోగం వచ్చింది కాబట్టే మా నలుగురికి ఈ ద్వీపం మీద అడుగు పెట్టే అనుమతి దొరికింది. నాతో మా మామ్మ మసేనమ్మ, బాబాయి దానయ్య, హాస్టల్లో నా గది పంచుకున్న జుబేదా ఉన్నారు. నాన్నకు మేం ఉండే తేలుకాలనీలో, ఆ నీటి మీద తేలే ఇనుప ఇళ్ళలో, పంపుల డ్యూటీ, సెలవు ఇవ్వలేదు.

వాతావరణం: మబ్బు, గాలిలో గంధకం వాసన. పక్షులు: రెండు నీటికాకులు. మనసు: కోపం.

ఎందుకు కోపమో రాయమని ఎవరూ అడగలేదు. అయినా రాస్తాను.

రేవులో మా సంచులు విప్పి అప్పడాలు తీసుకున్నారు. కొరికితే చప్పుడవుతాయట. జుబేదా పట్టీలు తీయించారు. మా కాళ్ళకు నురగ అట్టల చెప్పులిచ్చారు. మామ్మ చేతికి రెండు వెండి కడియాలున్నాయి. పెళ్ళిలో వేసినవి, ఇప్పుడు ఎముక లావై ఊడి రావు. రేవులో పనిచేసే పిల్ల రెంటినీ విడివిడిగా దూదితో చుట్టి పైన గుడ్డ కట్టింది. మర్యాదగానే కట్టింది. మామ్మ ఆ చేతులను ముందుకు చాచి, విరిగిన చేతుల్లా పట్టుకుని నడిచింది.

"ఇదేటే, దెబ్బ తగలకుండానే కట్టు కట్టీసినారు?" అంది.

ఆ తరవాత ఒక చల్లటి గదిలో కూర్చోబెట్టారు. గోడ మీద కొండ బొమ్మ. ఒక మెత్తటి గొంతు వచ్చిన ప్రతి గుంపుకూ అదే కథ చెబుతుంది. "ఈ ద్వీపానికి అప్పుడప్పుడు వచ్చి పోయే జాలర్లు ఈ కొండను ఊరకుండ అని పిలిచేవారు. ఊరక ఉండు, అంటే మాట్లాడకు అని అర్థం. అగ్నిపర్వతం ముందు వాళ్ళు పాటించిన మౌనాన్ని మనమూ పాటిద్దాం."

మామ్మ నన్ను గిల్లింది. "ఏటంతన్నాదా గొంతు? కొండ పేరేటి సెప్పినాది?"

"ఊరకుండ అట. మీరంతా మాట్లాడకుండా ఉండేవారట."

మామ్మ నోటికి గుడ్డ కట్టిన చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. "మేవా? మాటాడకుండా? ఒలే, పడవ ఒడ్డుకొస్తే పైనున్న కొంపకి ఇనిపించాలని అరిసీవోలం. మీ తాత కేకేస్తే పొగకొండ బదులు సెప్పీది." నవ్వు ఆగాక అంది: "ఊరకుండ ఏటే? ఊరుకొండ. పొగొచ్చీది పొగకొండ. మనూరున్నాది ఊరుకొండ. అంతే గదా."

అంతే కదా. ముప్పై ఏళ్ళ క్రితం కొండ పేలి, ఊరంతటినీ ఓడల్లో తరలించి శిబిరాల్లో పడేసినప్పుడు, మాట విని రాసుకునే యంత్రం ఒకటి తెచ్చి ముసలివాళ్ళ మాటలు పట్టుకున్నారు. అది ఊరుకొండను ఊరకుండ అని రాసుకుంది. ఒకచోట కొమ్ము ఊడింది, ఒకచోట కొమ్ము వచ్చింది. ఆ రెంటి మధ్యలో మా ఊరు పోయింది. ఉద్యోగం పరీక్షకు నేను ఆ పేరును ఆ అర్థంతోనే బట్టీ పట్టాను. మార్కులు కూడా వేశారు.

గదికి కాపలాగా ఉన్న వనపాలకుడి దగ్గరకు వెళ్ళాను. భార్గవ గారు. నా కన్నా ఆరేడేళ్ళు పెద్ద ఉంటారేమో. గుసగుసగా మాట్లాడటం ఆయనకు ఎంత అలవాటైపోయిందంటే నవ్వు కూడా గుసగుసగానే వస్తుంది. విషయం చెప్పాను.

"ఆసక్తికరంగా ఉంది దేవి గారూ. కానీ యంత్రం రెండు వందల గంటల మాటలు విన్నది. మీ మామ్మగారు ఒక్కరు. వయసుతో ఉచ్చారణ మారుతుంది కదా."

"అది ఆవిడ ఊరండి."

"ఊరు అన్న మాట వాడకండి" అన్నారు చాలా నెమ్మదిగా. "తాత్కాలిక విడిది అంటాం. మీరు కూడా వచ్చే నెల నుంచి అలాగే రాయాలి."

రెండో రోజు, నల్లరాతి దారి

మామ్మ ఎందుకు వచ్చిందో ఇక్కడ రాయకపోతే ముందు జరగబోయేది ఎవరికీ అర్థం కాదు.

మా వాళ్ళలో ఎవరైనా ఇంటికి చేరకుండా పోతే, సముద్రంలోనో అడవిలోనో, వాళ్ళ తల్లి ఇంటి గడప దగ్గర నిలబడి పేరు పెట్టి పిలవాలి. పోయినవాళ్ళ కన్నా చిన్నవాళ్ళు ఇంట్లో ఒకరు వాళ్ళ బదులు "ఓ" అని పలకాలి. అప్పటికి ఆ మనిషి ఇల్లు చేరినట్టు. పిలుపు బయటికి వినపడాలి, పలుకు కూడా వినపడాలి. మనసులో అనుకుంటే కుదరదు.

మా మేనత్త గరగమ్మకు అప్పుడు పదేళ్ళు. కొండ పేలిన పొద్దున పుల్లల కోసం పైకి వెళ్ళింది. బూడిద కమ్మేసింది. మామ్మ గడపలో నిలబడి గొంతు చించుకుంది కానీ ఆ ఉరుములో తన గొంతు తనకే వినపడలేదట. ఓడవాళ్ళు మామ్మను ఎత్తుకుని తీసుకుపోయారు. తరవాత ద్వీపం మౌన వనం అయింది. ఒక్కసారి వెళ్ళి పిలిచి వస్తామని మా వాళ్ళు ఎన్నిసార్లు అర్జీ పెట్టినా మండలి ఒకటే జవాబు ఇచ్చింది: మౌన ప్రార్థనకు అనుమతి ఉంది.

అత్త కన్నా వెనక పుట్టి, ఇంట్లో మిగిలినదాన్ని నేనొక్కదాన్నే. పలకాల్సింది నేను.

వాతావరణం: ఎండ. దారి: గడ్డకట్టిన లావా. పైపెంకు పలచగా ఉన్నచోట మోకాలి దాకా దిగబడుతుంది. పక్షులు: లేవు. ఉంటే అవి కూడా గుసగుసలాడుతున్నాయి.

దారి పొడవునా శ్రవణ స్తంభాలున్నాయి. నడుమెత్తు ఉంటాయి, నెత్తిన ఒక దీపం. గుసగుస దాటితే పసుపు, కేక వేస్తే ఎరుపు. ఎరుపు వస్తే ఆ గుంపును వెనక్కి పంపేస్తారు. ఆ ఇంటివాళ్ళెవరూ మళ్ళీ ద్వీపం మీద కాలు పెట్టకూడదు.

బాబాయి వాటికి పొద్దున్నే పేరు పెట్టేశాడు. "అదిగో అత్తగారు. ఏ మూల నిలబడి మాటాడినా ఇంటాది. ఇని ఊరుకోదు, మొకం ఎర్రగ సేసుకుంటాది."

"అత్తగారి సంగతి మీకెలా తెలుసు బాబాయ్?" అంది జుబేదా.

"నాకున్నాదమ్మా. ఇరవై ఏల్లు. ఇదే ఎత్తు."

స్తంభం మీద పసుపు వెలిగింది. నలుగురం నోళ్ళు నొక్కుకుని, బూడిద దులుపుకునే గుడ్డల్లో ముఖాలు దాచుకుని నవ్వాం. ఆ నవ్వు ఆగాక నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళ తరవాత తన కొండ ఎక్కుతున్న ముసలామె నవ్వును గుడ్డలో కుక్కుకోవాలి.

మధ్యాహ్నం కనుమ చేరాం. అక్కడ నిలబడితే ఒకవైపు పొగకొండ బిలం, పెదవి విరిగిన కుండలా, లోపలి నుంచి సన్నటి ఆవిరి. ఇంకోవైపు కిందికి ఊరుకొండ వాలు, ఆ కింద నీలంగా అఖాతం. ఇంత అందంగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో ఈ చోటు గురించి మాట్లాడేటప్పుడు అందం అన్న మాట ఎప్పుడూ రాలేదు. చేపల గురించి, నీళ్ళ గురించి, ఎవరి మేక ఎవరి పెరట్లో పడింది అన్న దాని గురించి మాట్లాడేవాళ్ళు.

సొంత కెమెరాలు తేకూడదు. రేవులో ఒకటి ఇస్తారు. జుబేదా దాన్ని రాతి మీద నిలబెట్టి, మమ్మల్ని వరసగా నిలబెట్టి, తను పరిగెత్తుకొచ్చి మామ్మ పక్కన నిలబడింది. మామ్మ చీర సర్దుకుంది. కట్టు కట్టిన చేతులు కనపడకుండా కొంగు కప్పుకుంది.

తరవాత జుబేదా తెర చూసి నన్ను చెయ్యూపి పిలిచింది. నేను వెళ్ళి చూశాను. పొగకొండ ఉంది. ఆవిరి ఉంది. మేం నిలబడిన చోట నల్లరాయి, రెండు ఎండుగడ్డి దుబ్బులు. నీడలు కూడా లేవు.

"శుభ్రం చేస్తుంది" అంది జుబేదా, పళ్ళ మధ్య నుంచి. "మనిషి ఆనవాలు కనిపిస్తే చెరిపేసి చుట్టూ ఉన్నదాంతో నింపుతుంది. వనం చిత్రాల్లో మనుషులు ఉండకూడదట. ఆపే మీట లేదు. వెతికాను."

బాబాయి తెరలోకి తొంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "మరి మనం సచ్చిపోనామేటి?" అన్నాడు. వేళాకోళంగానే మొదలుపెట్టాడు కానీ చివరికి గొంతు మారింది.

మామ్మకు చూపించలేదు. బాగా వచ్చిందని చెప్పాం.

రెండో రోజు, సాయంత్రం

రాత్రి బస దగ్గర చోడంబలి కలుపుకుని ఎండు నెత్తళ్ళ చేపలు నంజుకున్నాం. నెత్తళ్ళను ముందు నీళ్ళలో నానబెట్టాల్సి వచ్చింది. కరకరలాడతాయి కాబట్టి. నానిన నెత్తళ్ళు నమిలి మామ్మ మొహం పెట్టిన తీరు చూసి జుబేదా ఫొటో తీసింది. ఫొటోలో గిన్నె కూడా లేదు.

ఎండ పూర్తిగా దిగకముందే భార్గవ గారు వచ్చారు. మామ్మకు వంగి నమస్కారం పెట్టారు. నన్ను పక్కకు పిలిచారు.

"రేపు మీరు విడిది స్థలం మీదుగా వెళ్తారు. పెద్దావిడ ఉద్వేగానికి లోనవుతారేమో. మీరు చదువుకున్నవారు. మీరు చెబితే వింటారు."

"ఏం చెప్పమంటారు?"

"మనసులో తలుచుకోమనండి. దేవుడికి చెవులతో పని లేదు కదా."

"మామ్మ పిలిచేది దేవుణ్ణి కాదండి. వాళ్ళ అమ్మాయిని."

"హామీ పత్రం మీద మీ సంతకం ఉంది. ఎరుపు వెలిగితే ముందు పోయేది మీ ఉద్యోగం. నాకు అది ఇష్టం లేదు. మీ వాళ్ళలో మొదటిసారి ఒకరు ఇంత దూరం వచ్చారు."

ఆయన మంచివాడని నాకు తెలుసు. అందుకే ఎక్కువ కోపం వచ్చింది. చెడ్డవాడైతే మొహం మీద తిట్టి వచ్చేదాన్ని. నన్ను బడికి పంపింది, హాస్టల్ ఫీజు కట్టింది మండలి. పుస్తకాలిచ్చింది. ఇన్నేళ్ళు చదివించి నాతో చేయించాలనుకున్న మొదటి పని ఇది: మామ్మ నోరు మూయించడం. వేరేవాళ్ళు చెబితే ఆవిడ వినదు కాబట్టి, ఆవిడ మనవరాలే కావలసి వచ్చింది.

తిరిగి వచ్చి కూర్చున్నాను. మామ్మ అడిగింది. "ఏటంతన్నాడా బాబు?"

"రేపు పిలవొద్దంటున్నాడు. పిలిస్తే నా ఉద్యోగం పోతుందట."

దాచాలని అనుకోలేదు. మామ్మ అంబలి గిన్నె కింద పెట్టింది. నా వైపు కాకుండా వాలు వైపు చూసింది.

"మరి నువ్వు పలకొద్దులే" అంది. "నాను పిలిసీసి వొచ్చెత్తాను. సగమైనా అవుద్ది."

సగం పిలుపు అంటే ఏమిటో మా ఇంట్లో పుట్టినవాళ్ళకు తెలుసు. పిలిచి పలుకు రాకపోతే పోయినవాళ్ళు గడప దాకా వచ్చి లోపలికి రాలేక నిలబడిపోతారు. అది అసలు పిలవకపోవడం కన్నా అధ్వానం. నా జీతం కోసం మామ్మ దానికి ఒప్పుకుంది.

మనసు గడిలో ఏం రాయాలో తెలియడం లేదు. కోపం అని నిన్ననే రాశాను. ఇది దాని కన్నా పెద్దది.

మూడో రోజు, ఊరుకొండ

వాతావరణం, పక్షులు రాయను.

ఊరున్న చోట ఏమీ మిగలలేదని మండలి పుస్తకంలో ఉంది. మేం చూసినవి రాస్తాను. పన్నెండు ఇళ్ళ పునాదులు. ఒక బావి, బూడిదతో పూడింది కానీ గట్టు తెలుస్తోంది. వల ఆరేసే రాతి గుంజలు. ఒక రోలు.

మామ్మ ఆ రోలు దగ్గర ఆగి చుట్టూ తిరిగింది. "ఇది మనది కాదు. ఎల్లాయమ్మది. ఒట్టి గయ్యాళి. ఎవుల్నీ రుబ్బుకోనిచ్చీది కాదు." అని, వంగి, లోపల పేరుకున్న బూడిదను చేత్తో తోడి పారేసింది. కడియాల మీది గుడ్డ నల్లబడింది.

జుబేదా ఆ రోలును ఫొటో తీసింది. తెరలో గుండ్రటి రాయి వచ్చింది, గుంట లేదు. పునాదిని తీసింది. చదునైన నేల వచ్చింది. మళ్ళీ తీసింది, ఇంకో పక్క నుంచి తీసింది, నేల మీద పడుకుని తీసింది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "దొంగముండ కెమెరా" అని గొణిగింది. "దేవీ, నేను ఇక్కడ నిలబడి చూస్తున్నాను కదే. నా కంటికి కనిపిస్తోంది కదా."

మా ఇల్లు చివరిది. గడప రాయి ఇంకా ఉంది, ఒక మూల విరిగింది. దానికి పదడుగుల్లో శ్రవణ స్తంభం పాతారు. ఎక్కడైనా పాతవచ్చు. మా వాకిట్లో పాతారు.

భార్గవ గారు వాలు మీద దూరంగా నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూసి అరచెయ్యి కిందికి దించుతూ సైగ చేశారు. నెమ్మది, నెమ్మది.

మామ్మ కాళ్ళ నుంచి నురగ చెప్పులు తీసేసింది. గడప రాయి మీద ఉత్త కాళ్ళతో నిలబడింది. కొంగు నడుముకు దోపుకుంది. ఊపిరి పీల్చి పిలిచింది.

"గరగా!"

గొంతు రాలేదు. గాలి వచ్చింది. ఎండిన ఆకు నేల మీద ఈడ్చినట్టు ఒక చప్పుడు. స్తంభం మీద పసుపు కూడా వెలగలేదు.

మామ్మ బిత్తరపోయింది. మళ్ళీ పిలిచింది. మెడ నరాలు తేలాయి. అంతే చప్పుడు. మేం వినగలిగాం, పక్కనే ఉన్నాం కాబట్టి.

"నా గొంతేదే?" అంది మా వైపు తిరిగి. "ఓలే, నా గొంతేదే?"

ముప్పై ఏళ్ళు తేలుకాలనీలో, ఇనుప గోడల మధ్య, పక్కవాళ్ళు నిద్రపోతున్నారు మెల్లగా, పంపుల డ్యూటీకి వెళ్ళాలి మెల్లగా, పాప చదువుకుంటోంది మెల్లగా అంటూ బతికింది. ఆ పాపను నేనే. అర్జీ తరవాత అర్జీ పెట్టి, అనుమతి వచ్చేదాకా ఆవిడను ఆపి ఆపి, గొంతు పోయాక రానిచ్చారు. ఇక నిషేధం ఎందుకు? అప్పటికే నిశ్శబ్దం చేసేశారు.

మూడోసారి పిలిచింది. ఈసారి నా వైపు చూడలేదు. పలకొద్దని తనే అన్న మాట నిలబెట్టుకుంటోంది. కొండ వైపు చూస్తూ, ఎవరైనా దిగి వస్తారేమో అన్నట్టు పిలిచింది.

నేను పలికాను.

"ఓ..."

ఎంత గట్టిగా వచ్చిందో నాకే తెలియలేదు. అది వెళ్ళి పొగకొండకు తగిలి వెనక్కి వచ్చింది. స్తంభం ఎర్రబడింది. దాని కింద వాలులో ఉన్న స్తంభం ఎర్రబడింది. ఆ కిందది, ఆ కిందది. రేవు దాకా ఎర్ర దీపాలు వరసగా వెలిగాయి. భార్గవ గారు తల పట్టుకున్నారు.

మామ్మ గడప దిగి, రాయి పక్కకు తప్పుకుని, లోపలికి దారి ఇచ్చింది.

నాలుగో రోజు, రేవు కార్యాలయం

ఉదయం మమ్మల్ని లోపలికి పిలిచారు. టేబుల్ వెనక భార్గవ గారే ఉన్నారు. మా అందరికీ టీ తెప్పించారు. ముందుగా జుబేదా ఫొటోలను మెచ్చుకున్నారు. గడప రాయి ఉన్న చోటును తీసిన ఫొటోను రాబోయే ఏడాది గోడ మీద పెడతారట. "ఎంత స్వచ్ఛత. మనిషి అడుగు పడని చోటు."

జుబేదా టీ గ్లాసును టేబుల్ మీద పెట్టింది. నిజంగా విసరలేదు. విసిరినట్టు పెట్టింది.

"ఇక నిన్నటి విషయం" అన్నారు ఆయన. "శుభవార్త. నేను రాత్రంతా ఆలోచించి యంత్రానికి ఒక వివరణ ఇచ్చాను. అది ఒప్పుకుంది. చూడండి."

తెర నా వైపు తిప్పారు. స్థలం, సమయం. తరవాత: నమోదైన ధ్వని, ఓ. వర్గం, ఆశ్చర్యం. కారణం, ప్రకృతి సౌందర్యానికి సందర్శకురాలి ఆనందం. చర్య, అవసరం లేదు. చెరిపివేయదగినది.

"మొదటిసారి వచ్చినవాళ్ళు ఒక్కోసారి ఓహో అనేస్తారు. ఆ వెసులుబాటు ఉంది. మీరు కింద వేలిముద్ర వేస్తే సాయంత్రానికి చెరిగిపోతుంది. ఉద్యోగం ఉంటుంది. పెద్దావిడ వచ్చే ఏడు మళ్ళీ రావచ్చు."

బాబాయి ఊపిరి వదలడం వినపడింది. ఆయన మొహం తేలికపడింది. నన్ను చూసి తల ఊపాడు.

నేను ఆ గడిని మళ్ళీ చదివాను. ఆనందం.

"ఇది ఆశ్చర్యం కాదండి" అన్నాను.

"దేవి గారూ, నేను మీకు సాయం..."

"ఓ అంటే మా ఇంట్లో, మీ ఇంట్లో కూడా, పేరు పెట్టి పిలిస్తే పలికేది. మిమ్మల్ని మీ అమ్మగారు పిలిస్తే మీరు ఏమంటారు?"

ఆయన తెర వైపు చూశారు.

"ఎవరో పిలిస్తేనే ఓ అంటాం. ఊరికే కొండను చూసి అనం. నేను పలికాను. పలుకు అని రాయండి."

"పలుకు అని రాస్తే ఎవరు పిలిచారని అడుగుతుంది. పిలుపు నమోదు కాలేదు. ఉద్దేశపూర్వకంగా చేసిన కేక అవుతుంది. అది నేరం."

"నేరం అని రాయండి."

"ఒలే గుంటా" అన్నాడు బాబాయి. "ఆయన వొదిలెత్తానంటే నువ్వు వొదలవేటే? నీ సదువు..."

"ఆ చదువుతోనే అడుగుతున్నాను బాబాయ్." భార్గవ గారి వైపు తిరిగాను. గుసగుసగా మాత్రం మాట్లాడలేదు. "నేరం ఒప్పుకున్న మనిషి మాటలను ఒక్క అక్షరం మార్చకుండా రాయాలి. మండలి నిబంధన. పరీక్షలో నాకు వచ్చింది. నేను చెబుతాను, మీరు రాయండి. మా పేరును మీ యంత్రం మార్చింది. మా ఇంటిని మీ కెమెరా మార్చింది. మా మామ్మ గొంతు ఎలా పోయిందో మీకు పట్టదు. ఇప్పుడు ఆవిడ కూతురి బదులు నేను పలికిన పలుకును కూడా సరదాగా మార్చి, క్షమించి, చెరిపేస్తారా? మీ క్షమ నాకు వద్దు. శిక్ష వెయ్యండి. మీరు చెరపకుండా ఉంచేవి శిక్షలు మాత్రమే."

కిటికీ బయట ఒక గుంపు పడవ దిగుతోంది. వాళ్ళ చేతులకు దూది చుడుతున్నారు.

"పిలిచినట్టు సాక్ష్యం కావాలి" అన్నారు భార్గవ గారు చివరికి. గొంతులో మంచితనం పోయింది. అలసట మిగిలింది. నాకు అదే నయమనిపించింది. "పిలుపు విన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? సాక్షులకు కూడా నిషేధం వర్తిస్తుంది."

"నేను విన్నాను" అంది జుబేదా.

"మీరు వాళ్ళ కుటుంబం కాదు."

"చెవులు ఉన్నాయి కదండీ."

బాబాయి నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన అత్త కన్నా నాలుగేళ్ళు పెద్ద. ఆ పొద్దున పుల్లలకు వెళ్ళాల్సింది ఎవరో నేను ఎప్పుడూ అడగలేదు. లేచి నిలబడ్డాడు.

"ఇన్నాను బాబూ. మూడుసార్లు పిలిసినాది మాయమ్మ. రాసుకో."

నాలుగో రోజు, పడవ

చిట్టా రేవులో ఇవ్వలేదు. అడిగారు, ఇవ్వనన్నాను. ఇంకో నేరం కలిపారు.

ఉద్యోగం పోయింది. హాస్టల్ ఫీజు తిరిగి కట్టమంటారేమో తెలియదు. మా ఇంటిపేరున్న వాళ్ళెవరూ ఈ ద్వీపం మీద కాలు పెట్టడానికి లేదు, జుబేదాతో సహా. దాని ఇంటిపేరు వేరు అయినా ప్రత్యేకంగా చేర్చారు. నాకు ఇప్పటికీ చాలా కోపంగా ఉంది. తగ్గుతుందని అనుకోవడం లేదు. తగ్గాలని కూడా లేదు.

మామ్మ కడియాల మీది గుడ్డ రేవులో విప్పలేదు. పడవ కదిలాక తనే పంటితో ముడి విప్పి, దూదిని నీళ్ళలో పారేసింది. తరవాత నా ఒళ్ళో ఉన్న నేరపత్రం వైపు గడ్డం చూపించింది.

"ఏటి రాసినారు?"

"తప్పు చేశానని."

"దాని పేరు రాసినారా?"

"రాశారు."

"సదువు."

చదివాను. "తెడ్డు దేముడమ్మ అను నేను, మా ఇంటి గడప దగ్గర నిలబడి, మా మామ్మ తెడ్డు మసేనమ్మ తన కూతురు గరగమ్మను పేరు పెట్టి పిలవగా, ఆ గరగమ్మ బదులు ఓ అని గట్టిగా పలికితిని."

మామ్మ పెదవులు కదిలాయి. ఒక్కో మాటనూ లోపల పెట్టుకుంటున్నట్టుంది. బాబాయి తాడు చుట్టడం ఆపాడు. జుబేదా నా భుజం మీద గడ్డం ఆనించి కాగితంలోకి చూసింది.

"ఇంకోపాలి సదువు" అంది మామ్మ. "ఇంజను మోత. గట్టిగ సదువు."